లోగోకు ఎన్ని మార్కులు, వాదనకు ఎన్ని: నా అనుభవం

హనుమకొండలో ఒక కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చెప్తాను. పాఠాలు లేనప్పుడు బయట ప్రింటింగ్ డిజైన్లు కూడా చేస్తాను. చివరి సెమిస్టర్ పిల్లలకు మా దగ్గర ఒక ప్రాజెక్టు ఉంటుంది. ఏదో ఒక వృత్తినో సంస్థనో ఎంచుకుని దానికి లోగో గీయాలి. అది అలాగే ఎందుకు ఉండాలో నాలుగైదు పేజీల్లో రాసి, వైవాలో నిలబడి సమర్థించుకోవాలి. వందలో లోగోకు 60, వాదనకు 40. ఈసారి ఒక అమ్మాయి ప్రాజెక్టు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాన్ని ఎలా దిద్దానో, మార్కుల దగ్గర నాకూ ఎక్స్‌టర్నల్‌కూ (బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కూ) ఎక్కడ తేడా వచ్చిందో రాస్తున్నాను. ఇలాంటివి దిద్దే మాస్టర్లకు, రేపు వైవాకు వెళ్లే పిల్లలకు ఉపయోగపడుతుందని నా ఆశ.

ఆ అమ్మాయి ఎంచుకున్నది కొత్తవాడ జంపఖానాలు. వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కొత్తవాడలో పద్మశాలీల ఇళ్లలో తరతరాలుగా నేస్తున్న పని, 2018లో వరంగల్ దర్రీలకు (జంపఖానాలనే దర్రీలంటారు) భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అక్కడి ఒక చేనేత సహకార సంఘం పేరు మీద అమ్మే సరుకుకు లోగో కావాలనుకుని గీసింది. వాళ్ల మేనమామ ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు.

నాకొక పద్ధతి ఉంది. ముందు లోగో మాత్రమే చూస్తాను, రిపోర్టు తెరవను. కథ ముందే వింటే ఆ కథ చెప్పినవే కంటికి కనిపిస్తాయి. "ఈ మూడు గీతలు మూడు తరాలు" అని ఒకసారి చదివాక ఆ గీతలను ఉత్త గీతలుగా చూడడం ఎవరి తరమూ కాదు. కానీ సరుకు కొనే మనిషి దగ్గరికి రిపోర్టు రాదు, లోగో ఒక్కటే వస్తుంది. అందుకే తెల్ల కాగితం మీద ఒక్క లోగో ప్రింటు తీయించి, గోడకు అంటించి, గది అవతలి మూల నుంచి చూస్తాను. తర్వాత అదే బొటనవేలి గోరంత సైజులో. ఆ తర్వాత రంగు లేకుండా నలుపులో. అప్పుడు నాకు ఏం కనిపించిందో పెన్సిల్‌తో రాసుకుంటాను.

ఈ లోగోకు రాసుకున్నది ఇది. నిలువుగా వేలాడదీసిన జంపఖానా లాంటి దీర్ఘచతురస్రం. అడ్డపట్టీలు, ఒకే వెడల్పులో లేవు, పైకి పోతున్నకొద్దీ సన్నబడుతున్నాయి. మధ్యలో పట్టీలను కత్తిరించి ఖాళీ వదిలితే, ఆ ఖాళీలో కాకతీయుల కీర్తి తోరణం. రెండే రంగులు, ముదురు కుంకుమ రంగు, నూలు తెలుపు. కింద తెలుగులో 'ఓరుగల్లు జంపఖానా'. దూరం నుంచి బాగుంది. చిన్న సైజులో బొమ్మ నిలబడింది, అక్షరాలు నిలబడలేదు. తోరణం దగ్గర మాత్రం నా పెన్సిల్ ఆగింది. మన ఊళ్లో తోరణం లేని బోర్డు ఎక్కడ? హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా బండి మీద వెళ్తే స్కూళ్లు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, కంటి ఆసుపత్రులు, అన్నిటికీ అదే. పక్కన 'తోరణం: అందరిదీ' అని రాసుకున్నాను.

పట్టీల గురించి ఒక మాట చెప్పాలి. ఆ అమ్మాయి మొదటి రఫ్ స్కెచ్‌లో పట్టీలు నిలువుగా, కుచ్చుల వైపు పరుగెత్తుతూ ఉన్నాయి. రఫ్‌లు తప్పకుండా అడిగి చూస్తాను. ఇప్పుడు రెడీమేడ్ టెంప్లేట్లు ఫోన్లోనే దొరుకుతున్నాయి, ఎవరి చెయ్యి ఎంత ఆడిందో పెన్సిల్ కాగితాల్లోనే తెలుస్తుంది. రెండో స్కెచ్‌లో పట్టీలు అడ్డం తిరిగాయి. మేనమామ చెప్పాడట, "పట్టీ వచ్చేది పేక రంగు మారిస్తేనే బిడ్డా, పడుగు లోపల దాగిపోతది. నిలువు పట్టీ గీస్తే నేసినోడు నవ్వుతడు" అని. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు, పేక అంటే వాటికి అడ్డంగా నేసేవి. కుచ్చులంటే పడుగు పోగుల చివర్లే కాబట్టి పట్టీలు వాటికి అడ్డంగానే రావాలి. ఈ ఒక్క దిద్దుబాటుతో ఆ గుర్తు ఏదో బట్ట బొమ్మ కాకుండా జంపఖానా బొమ్మ అయింది. తెలిసినవాళ్లు చూస్తే గౌరవించే పని అది.

తర్వాత రిపోర్టు తెరిచాను.

మొదటి పేజీ నిండా చరిత్ర. 1163లో వేయి స్తంభాల గుడి, 1213లో రామప్ప, 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఒక్కటి కూడా లోగోలోని ఏ గీతకూ సంబంధించినది కాదు. అదే పేజీలో, 1851 లండన్ మహా ప్రదర్శనకు వెళ్లిన వరంగల్ తివాచీలను జంపఖానాల ఖాతాలో వేసింది. అవి ముడులు వేసి నేసే, పోగులు పైకి లేచి ఉండే తివాచీలు. జంపఖానా చదునైన నేత, ముడి ఉండదు. రెండూ ఈ ఊరి నేతే, కానీ పని వేరు. నేతగాళ్ల కోసం గీసిన లోగోలో ఈ తేడా తెలియకపోతే వాళ్ల ముందు మాట నిలవదు. పక్కన ఎర్ర పెన్నుతో గీత పెట్టాను.

రెండో పేజీలో రంగుల అర్థాలు. కుంకుమ రంగు శౌర్యానికి, తెలుపు శాంతికి. ఏటా ఇదే చదువుతాను, ఏటా మార్కులు తగ్గిస్తాను. ఆ స్థానంలో ఆకుపచ్చ పెట్టి 'సమృద్ధి' అని రాసినా పేజీ అలాగే నడుస్తుంది. రంగు మారినా చెక్కుచెదరని వాదన ఆ రంగును సమర్థించినట్టు కాదు కదా. మూడో పేజీలో లోగో మీద వృత్తాలు గీసి, అందానికి కొలతగా చెప్పుకునే 'బంగారు నిష్పత్తి' అని చూపించింది. ఆ వృత్తాలు లోగో అయ్యాక గీసినవి. ఏ వృత్తమూ తోరణం స్తంభాన్ని సరిగ్గా తాకలేదు. పక్కనే 1971లో ఒక విద్యార్థిని 35 డాలర్లకు గీసిన నైకీ గుర్తు కథ. అది నిజమే, కానీ మన జంపఖానాకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక్కడ పిల్లలకు నేను ఎప్పుడూ చూపించేది మన రూపాయి గుర్తు. ఉదయ కుమార్ గీసినదాన్ని 2010లో ప్రభుత్వం తీసుకుంది. దేవనాగరి ర, రోమన్ ఆర్, పైన శిరోరేఖ, రెండు సమాంతర గీతలు. వివరణలో ఏం చెప్పారో అది గుర్తులో వేలు పెట్టి చూపించొచ్చు. ఒక గీత తీసేస్తే వాదనలో ఒక మాట పోతుంది. వాదనకూ బొమ్మకూ ఆ ముడి ఉందా లేదా, నేను వెతికేది అదే. కథ ఎంత అందంగా రాశారన్నది కాదు.

ఆ ముడి నాకు నాలుగో పేజీ అడుగున కనిపించింది. అక్కడ రెండే వాక్యాలు. 'పట్టీలన్నీ సమానంగా ఉంటే చిన్న సైజులో బార్‌కోడ్‌లా కనిపించింది. అందుకని వెడల్పులు మార్చాను. కుచ్చులు లేబుల్ మీద ప్రింటు కాలేదు కాబట్టి తీసేశాను.' ఏదో క్షమాపణ చెప్పినట్టు, చివర్లో, చిన్న అక్షరాల్లో. నాకైతే ముందున్న మూడు పేజీల కంటే ఈ రెండు వాక్యాలు బరువైనవి. ఇక్కడ ఒక సమస్య వచ్చింది, ఒక నిర్ణయం జరిగింది, దానికి కారణం ఉంది. వేరేలా చేసే వీలుండి కూడా ఇలాగే ఎందుకు చేశారో చెప్పేదే వాదన.

వైవాకు ముందు నేను తప్పనిసరి చేసిన పరీక్ష ఒకటుంది. లోగో ఎక్కడ బతుకుతుందో అక్కడ పెట్టి చూపించాలి. జంపఖానాకైతే అది మూలలో కుట్టే కాటన్ లేబుల్. హనుమకొండలోనే ఒక స్క్రీన్ ప్రింటింగ్ షాపుకు వెళ్లమన్నాను, నేనూ వెళ్లాను. అక్కడ రంగుకో స్క్రీన్ కట్టాలి, స్క్రీన్‌కో ఖర్చు. నూలు తెలుపును విడిగా వేయకుండా, లేబుల్‌కు వాడే నూలు టేపు రంగునే తెలుపుగా వాడుకుంటే ఒక్క స్క్రీన్‌తో పని అయిపోతుంది. ఆ అమ్మాయి డిజైన్ అలాగే చేసింది. రంగుల పేజీలో రాయాల్సింది శౌర్యం, శాంతి కాదు, ఇది.

షాపు అన్న టేపును బల్ల మీద పరిచి, ఫ్రేమ్ దించి, సిరా పోసి స్క్వీజీతో (సిరాను నెట్టే రబ్బరు పట్టీతో) ఒక్క లాగు లాగాడు. ఫ్రేమ్ ఎత్తగానే బొమ్మ బాగానే దిగింది. అక్షరాలు చూస్తే నూలు టేపు సిరాను పీల్చుకుని ప్రతి గీత కాస్త లావెక్కింది. 'ల్లు' కింద ఒత్తు పై అక్షరంతో కలిసిపోయి ముద్దయింది. 'ఖా'లోని చిన్న ఖాళీ పూడిపోయింది. అన్నిటికన్నా 'ప' దెబ్బతిన్నది. పకు తలకట్టు విడిగా ఉంటుంది, వకు కలిసి ఉంటుంది. ఆ సన్నని సందు సిరాతో నిండగానే ప కాస్తా వ అయింది. జంపఖానా కాస్తా 'జంవఖానా'. షాపు అన్న చూసి, "గిది ఫాంటుతోని కొట్టిన అక్షరం, టేపు మీద ఆగదమ్మా. సందు పెంచుకోవాలె" అన్నాడు.

ఆ అమ్మాయి అక్కడే స్టూలు మీద కూర్చుని టేపు ముక్కను ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూసింది. వైవాకు వచ్చేసరికి అక్షరాలు చేత్తో గీసుకుని వచ్చింది. ప తలకట్టు పైకి లేపి సందు పెంచింది, ఒత్తును కుడివైపు జరిపి కాస్త కిందికి దించింది, గీత మందం తగ్గించింది. కంప్యూటర్ తెర మీద చూస్తే ఆ అక్షరాలు కొంచెం విడివిడిగా, పలచగా అనిపిస్తాయి. టేపు మీద మాత్రం సరిగ్గా సరిపోయాయి. మన లిపికి లేబుల్ మీద పడే కష్టం ఇంగ్లీషు అక్షరాలకు ఇంతగా లేదు. అందుకే చాలామంది పిల్లలు తెలుగు పేరు వదిలేసి ఇంగ్లీషులో రాసుకొస్తారు. ఈ అమ్మాయి వదల్లేదు. నాకు నిజంగా సంతోషం వేసింది.

ఇంకో సంగతి. ఆ లేబుల్ మీద ఈ లోగో ఒక్కటే ఉండదు. చేనేత సరుకని తెలిపే, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉండొచ్చు, భౌగోళిక గుర్తింపు ముద్ర ఉండొచ్చు, ఇప్పుడైతే క్యూఆర్ కోడ్ కూడా. హ్యాండ్లూమ్ మార్క్ కూడా పడుగు పేకల అల్లిక నుంచి పుట్టిన గుర్తే. దాని పక్కనే ఇంకో అల్లిక బొమ్మ పెడితే కొనేవాళ్లకు రెండూ ఒకటిగా కలిసిపోతాయి. ఈ డిజైన్‌లో అల్లిక లేదు, పట్టీలే ఉన్నాయి. అది ఆలోచించి చేసిందా, అలా కుదిరిందా అని వైవాలో అడిగాను. "కుదిరింది సార్" అంది. నిజం చెప్పినందుకు ఆ ప్రశ్నకు మార్కు తగ్గించలేదు.

వైవాలో అసలు చర్చ తోరణం దగ్గరే జరిగింది.

"తోరణం తీసేస్తే నీ లోగోలో ఏం పోతది?" అని అడిగాను.

"వరంగల్ పోతది సార్."

"వరంగల్ అని కింద పేరే ఉంది కదా. బొమ్మ కూడా అదే చెప్పాల్నా?"

కాసేపు ఆలోచించింది. ఈలోగా ఎక్స్‌టర్నల్ సార్ అందుకున్నారు. ఆయన హైదరాబాద్‌లో చాలాకాలం యాడ్ ఏజెన్సీలో పనిచేసిన మనిషి. 2014లో ఏలె లక్ష్మణ్ గీసిన రాష్ట్ర చిహ్నంలోనే ఈ తోరణం ఉంది, 2024లో ఆ చిహ్నం మార్చాలన్నప్పుడు దీని గురించి ఎంత రగడ జరిగిందో చూశాం, మరి ఒక సరుకు మీద దీన్ని పెడితే ప్రభుత్వానిది అనుకోరా అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం ప్రకారం ప్రభుత్వ చిహ్నాన్ని అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదు, ట్రేడ్‌మార్క్ చట్టం కూడా అలాంటివాటిని రిజిస్టర్ చేయదు. తోరణం అనే కట్టడాన్ని గీయడం వేరు, చిహ్నాన్ని తలపించేలా గీయడం వేరు. ఆ అమ్మాయి తన డిజైన్ పక్కన రాష్ట్ర చిహ్నం పెట్టి చూపించింది. గుండ్రం లేదు, చార్మినార్ లేదు, సింహాలు లేవు, తోరణం గీతలతో కాకుండా ఖాళీతో ఏర్పడింది. నాకు ఆ జవాబు చాలు అనిపించింది.

అప్పుడు నా మొదటి ప్రశ్నకు వచ్చింది. "సార్, మీరు హనుమకొండ బోర్డులు చూసి అడుగుతున్నరు. కొత్తవాడ జంపఖానా కొనేటోళ్లు ఎక్కువ మంది హనుమకొండల లేరు. శిల్పారామంల, ఢిల్లీ హాట్‌ల, బయటి ఎగ్జిబిషన్లల కొంటరు. అక్కడ పక్క స్టాల్ మీద తోరణం ఉండదు. నా లోగో పోటీ ఇక్కడి ఫంక్షన్ హాల్‌తోని కాదు."

ఇది రిపోర్టులో లేదు. కానీ ఆ రోజు నేను విన్న వాదనల్లో ఇదే గట్టిది. ఒక గుర్తు నలుగురిలో వేరుగా కనిపిస్తుందా లేదా అన్నది అది ఎవరి మధ్య నిలబడుతుందో చూసి తేల్చాలి, గీసిన ఊళ్లో నిలబడి కాదు. నేను 'అందరిదీ' అని రాసుకున్న అభ్యంతరం ఊళ్లో షోరూమ్ పెడితే వర్తిస్తుంది, ఎగ్జిబిషన్ స్టాల్‌కు అంతగా వర్తించదు. అయినా వదల్లేదు. "సరే, బయటివాళ్ల కోసమే అనుకుందాం. వాళ్లకు తోరణం తెల్వదు కదా. తెల్వనోళ్లకు అది ఎట్ల కనిపిస్తది? ఎవరికన్నా చూపించినవా?"

ఇక్కడ తల దించుకుంది. కాసేపటికి చెప్పింది. వాళ్ల పెద్దమ్మ కుటుంబం చాలా ఏళ్ల కింద మహారాష్ట్రలోని భివండి వెళ్లిపోయింది. మగ్గాలు ఆగిపోయాక మన వైపు నుంచి భివండి, సూరత్, షోలాపూర్ వలస వెళ్లిన కుటుంబాల్లో అదొకటి. అక్కడి అన్నకు వాట్సాప్‌లో బొమ్మ పంపి, చుట్టుపక్కల మరాఠీ, హిందీ వాళ్లకు చూపించమంది. కొందరు 'దర్వాజా' అన్నారు. ఇంకొందరు 'ఝూలా' అన్నారట, ఊయల! రెండు స్తంభాల మధ్య అడ్డంగా వెళ్లే ఒక పట్టీ వాళ్లకు ఊయల పీటలా కనిపించింది.

"మరి రిపోర్టుల ఎందుకు రాయలేదమ్మా?"

"మార్కులు పోతయనుకున్న సార్. తప్పు నేనే చూపించినట్టు అయితది కదా."

చాలామంది పిల్లలు ఇలాగే అనుకుంటారు, మేమే అలా అనుకునేలా చేస్తున్నామేమో అని నాకు బాధ. వాదన అంటే లోగోను పొగడడం అన్నట్టు రిపోర్టులు తయారవుతున్నాయి. తన డిజైన్ ఎక్కడ ఓడిపోయిందో వెతికి తెలుసుకున్న విద్యార్థి దగ్గర ఉన్న సమాచారం, బంగారు నిష్పత్తి వృత్తాలు గీసినవాళ్ల దగ్గర ఉండదు. తోరణం తెలియనివాళ్లలో కొందరికి దర్వాజా, కొందరికి ఊయల. దర్వాజాతో నష్టం లేదు, ఇంటికి పరిచే సరుకే కాబట్టి ఇంకా నయం. ఊయలే ఇబ్బంది. ఆ ఒక్క పట్టీ తీసేస్తే ఊయల పోతుంది. ఎక్కడ దిద్దాలో ఇంత స్పష్టంగా చెప్పే పరీక్షను దాచిపెట్టింది.

వైవా అయ్యాక మార్కుల దగ్గర ఎక్స్‌టర్నల్ సార్‌కూ నాకూ తేడా వచ్చింది. ఆయన రిపోర్టు చూసి వాదనకు 34 అనుకున్నారు, బైండింగ్, పేజీల అమరిక, భాష అన్నీ బాగున్నాయి నిజమే. లోగోకు తోరణం మామూలే అని 38. నాది తిరగేసి ఉంది. రాసిన వాదనకు 20 దాటి ఇవ్వలేను, లోగోకు 48 ఇస్తాను. పట్టీల దిశ, ఒకే స్క్రీన్, చేత్తో గీసిన అక్షరాలు, ఇవన్నీ కళ్లముందు ఉన్న పని.

"వైవాలో చెప్పింది వాదనలో కలపకూడదు, రాసిందే చూడాలి" అన్నది ఆయన మాట. రేపు క్లయింట్ దగ్గర ఎవరూ పక్కన ఉండి ప్రశ్నలు అడిగి జవాబులు రాబట్టరని ఆయన ఉద్దేశం. అందులో న్యాయం ఉంది. నేను మా ప్రాజెక్టు నిబంధన చూపించాను, వాదన అంటే రిపోర్టు, వైవా రెండూ అని అందులో ఉంది. పైగా స్టాల్ గురించి చెప్పిన జవాబు మనం నోట్లో పెట్టింది కాదు, మా ఇద్దరి ప్రశ్నలకు ఎదురు నిలబడి చెప్పింది. ఆయన టేపు ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని, ఫాంటు ప, గీసిన ప పక్కపక్కన పెట్టి చూశారు. అప్పుడు లోగో మార్కులు ఆయనే పెంచారు. వాదన దగ్గర ఇద్దరం చెరికాస్త దిగి వచ్చాం. చివరికి లోగోకు 46, వాదనకు 28.

రిమార్కుల కాలమ్‌లో సాధారణంగా ఒక్క లైను రాస్తాం. ఈసారి కాగితం వెనక్కి తిప్పి రాశాను. మధ్య పట్టీ తీసేసి ఆ బొమ్మనే భివండికి మళ్లీ పంపమన్నాను. రెండు, మూడు పేజీలు తీసేసి, నాలుగో పేజీ అడుగున ఉన్న ఆ రెండు వాక్యాలతో రిపోర్టు మొదలుపెట్టమన్నాను. తివాచీకీ జంపఖానాకూ తేడా మేనమామను అడిగి సరిదిద్దమన్నాను. సంఘం వాళ్లకు చూపించే ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో 27వ తరగతి, అంటే తివాచీలు, చాపల మాదిరి నేల మీద పరిచే సరుకుల తరగతి వెతకమన్నాను, తోరణంతో ఇంకెవరైనా ముందే తీసుకున్నారేమో. 'ఓరుగల్లు జంపఖానా' అన్న మాటలు ఊరి పేరూ సరుకు పేరే కాబట్టి వాటి మీద ఒక్క సంఘానికే హక్కు దొరకడం కష్టం, అసలు బలం బొమ్మ మీదే పెట్టుకోమని కూడా రాశాను. సవరించిన కాపీ ఫలితాలు రాకముందే తెచ్చిచ్చింది. అందులో మధ్య పట్టీ లేదు. భివండి జవాబులు మొదటి పేజీలోనే ఉన్నాయి.